ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌కి బిస్కెట్ కలర్ వేద్దామంటే ఒకటి గులాబీ కొడుతోంది, ఇంకోటి బూడిదలా ఉంది. ఎలా ఎంచుకోవాలి?

మూడో_అంతస్తు:

అందరికీ నమస్కారం. మాది వైజాగ్ ఎంవీపీ కాలనీలో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్. సంక్రాంతిలోపు లోపల రంగులు వేయించాలని అనుకుంటున్నాం. ఇప్పుడున్నది లేత ఆకుపచ్చ, మాకు అమ్మినవాళ్ళు ఎప్పుడో వేయించుకున్నది, చూసీ చూసీ విసుగొచ్చేసింది. హాలుకీ, వంటింటికి వెళ్ళే నడవాకీ, ఒక బెడ్‌రూమ్‌కీ వెచ్చగా కనిపించే బేజ్ వేద్దామని నా కోరిక. షాపుల్లో బిస్కెట్ కలర్, సాండల్ కలర్ అంటారు చూడండి, ఆ కుటుంబం.

గొడవేంటంటే షేడ్ కార్డులో నచ్చిన రెండిటికీ చిన్న శాంపిల్ డబ్బాలు తెచ్చి హాలు గోడ మీద పక్కపక్కనే పూశాం. పొద్దున్న పదింటికి రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి. సాయంత్రానికి ఒకటి గులాబీ కొడుతోంది. రెండోది ట్యూబ్‌లైట్ వేయగానే సిమెంటు గోడలా అయిపోతోంది. ఒకే గోడ, ఒకే రంగు, పూటకో వేషం!

హాలు తూర్పు వైపు, బాల్కనీ ఉంది. ఉత్తరం వైపు కిటికీ ఉంది కానీ చేయి చాపితే పక్క అపార్ట్‌మెంట్ గోడ తగిలేలా ఉంటుంది. కింద ఐవరీ టైల్స్, తలుపులు టేకు పాలిష్. మార్చేదేమీ లేదు వాటిలో. అత్తగారు తెల్లరంగే వేయించమంటున్నారు, మావారు ఎటూ చెప్పరు, మేస్త్రీ అయితే "క్రీమ్ వేసేద్దాం మేడమ్, ఎవరికీ పేచీ ఉండదు" అంటున్నాడు. ఆ పసుప్పచ్చ క్రీమ్ చూస్తే నాకు పాత గవర్నమెంటు క్వార్టర్స్ గుర్తొస్తాయి, వద్దు.

షేడ్ పేరు చెప్పేయమని కాదు, అసలు ఎలా చూసి ఎంచుకోవాలో చెప్పండి. మ్యాట్ వేయించాలా, మెరుపుండేది వేయించాలా కూడా. ఇంకోటి, బెడ్‌రూమ్‌లో బాత్రూమ్‌కి ఆనుకున్న గోడకి కిందివైపు పెచ్చులు ఊడుతున్నాయి, దాని మీదే లప్పం పెట్టేస్తే సరిపోతుందా?

---

కిటికీపక్క:

సీతమ్మధార నుంచి. ఇళ్ళ లోపలి పనులు చేయిస్తుంటాను కాబట్టి ఈ బేజ్ గోల నాకు రోజూ ఉండేదే. మీ కళ్ళకేం కాలేదు, కంగారు పడకండి. బేజ్ అనేది ఒక్క రంగు కాదు. తెల్ల బేస్‌లో పసుపు ఆక్సైడ్, ఎరుపు ఆక్సైడ్, నలుపు చుక్కలు చుక్కలుగా కలిపితే వస్తుంది. ఎరుపు చుక్క కాస్త ఎక్కువ పడితే గులాబీ వైపు, పసుపుతోపాటు నలుపు ఎక్కువైతే ఆకుపచ్చ వైపు, వట్టి నలుపు ఎక్కువైతే బూడిద వైపు లాగుతుంది. ఎర్రమట్టి దిబ్బలకి ఆ రంగునిచ్చేది కూడా ఈ ఐరన్ ఆక్సైడ్ జాతే, అందుకే బేజ్‌లు ఎండకి తొందరగా వెలిసిపోవు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు. కాకపోతే ఇంత లేతగా కలిపిన రంగు తన మీద పడే వెలుతురు ఎటు లాగితే అటు పోతుంది.

ఆ లాగుడు ఎటో ముందే తెలియాలంటే షేడ్ కార్డు ముక్కని తెల్ల ఏ4 కాగితం మీద పెట్టి కిటికీ దగ్గర చూడండి. ఒక్కదాన్నే చూస్తే అన్నీ బేజ్‌లాగే ఉంటాయి, పక్కన అచ్చమైన తెలుపు ఉంటే లోపలున్న గులాబీయో పచ్చో బయటపడిపోతుంది. నాలుగైదు బేజ్‌లు ఒకదాని పక్కన ఒకటి పేర్చినా అంతే. ఒకే పేజీలో కింద ఉన్న ముదురు షేడ్ చూడటం ఇంకో పద్ధతి, లేత షేడ్‌లో దాక్కున్న రంగు ముదురు దాంట్లో దాక్కోలేదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. తూర్పు హాలు కదా, పొద్దున్న నేరుగా ఎండ పడుతుంది, ఆ వెలుగులో ఏ బేజ్ అయినా బంగారంలా ఉంటుంది, పదింటికి మీకు రెండూ నచ్చింది అందుకే. మధ్యాహ్నం దాటాక అదే గదికి ఆకాశం వెలుగు తప్ప నేరుగా ఎండ రాదు, ఆ వెలుగు కొంచెం నీలం. వెచ్చదనం తక్కువున్న షేడ్ అప్పుడు చచ్చిపోతుంది. గులాబీ కొట్టేదానికి మాత్రం నా అనుమానం మీ టైల్స్ మీద. ఐవరీ అని అమ్మే టైల్స్‌లో చాలావాటికి పసుపు-పచ్చ జీర ఉంటుంది, దాని పక్కన కొంచెం ఎరుపున్న రంగు ఏది పెట్టినా ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. శాంపిల్‌ని గోడ మధ్యలో కాకుండా స్కర్టింగ్‌కి ఆనించి ఒకటి, తలుపు ఫ్రేముకి ఆనించి ఒకటి వేసి చూడండి. మీరు మార్చలేని వస్తువులతో పొత్తు కుదరాలి, సోఫాదేముంది, కవర్లు మార్చుకోవచ్చు.

ఇంకో మాట. గోడ మీద నేరుగా పూయకండి. మీ పాత ఆకుపచ్చ చుట్టూ ఉంటే బేజ్ ఇంకా ఎర్రగా అనిపిస్తుంది, ఆకుపచ్చ పక్కన కంటికి అంతే. స్టేషనరీ షాపులో తెల్ల చార్టు కొని, అంచు నుంచి అంచు దాకా రెండు కోటింగులు వేసి, ఆరాక గోడకి అంటించి, పొద్దున్న ఒక చోట, రాత్రి ఇంకో చోట మారుస్తూ చూడండి. తడిగా ఉన్నప్పుడు తీర్పు చెప్పొద్దు, ఎమల్షన్ ఆరితే సాధారణంగా ఒక పిసరు ముదురుతుంది.

---

లప్పం_మేస్త్రీ:

గాజువాక సైడు పెయింటింగ్ కాంట్రాక్టు చేస్తాను మేడమ్. రంగు సంగతి పైన మేడమ్ గారు చెప్పేశారు, నేను గోడ సంగతి చెప్తాను.

బాత్రూమ్ గోడ మీద లప్పం అస్సలు పెట్టించకండి ఇప్పుడే. పెచ్చులు ఊడి తెల్లగా ఉప్పు పొంగుతోందంటే లోపల నీళ్ళు నడుస్తున్నాయని. ముందు ప్లంబర్‌తో పైపు జాయింట్లు, బాత్రూమ్ టైల్స్ మధ్య సందులు చూపించండి. లీకు కట్టాక ఊడిన పెచ్చులన్నీ గీకేసి, ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపేసి (నీళ్ళతో కడిగితే మళ్ళీ లోపలికే పోతుంది అది), గోడని ఆరనివ్వాలి. ఆరిందో లేదో చేత్తో తడిమి చెప్పలేం. ప్లాస్టిక్ కవరు ముక్క ఒకటి నాలుగు పక్కలా టేపు వేసి గోడకి అతికించి ఒక రోజు వదిలేయండి, తీసినప్పుడు లోపల చెమట పట్టుంటే గోడ ఇంకా తాగే ఉందని అర్థం. ఆరాక అక్కడ వైట్ సిమెంట్ లప్పమే వాడమనండి, డబ్బాల్లో వచ్చే యాక్రిలిక్ లప్పం చెమ్మ ఉన్న చోట ఉబ్బిపోతుంది.

హాలు గోడలు పాత పెయింట్ గట్టిగా ఉంటే మొత్తం గీకక్కర్లేదు, ఎమరీ పట్టించి, గుంటలు పూడ్చి, ప్రైమర్ ఒక కోటింగు వేస్తే చాలు. మీది ఆకుపచ్చ మీద లేత రంగు కాబట్టి ప్రైమర్ మానేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, కింద పచ్చ పైకి కొట్టి ఇంకో కోటింగు ఖర్చు మీకే పడుతుంది. లప్పం ఆరి ఎమరీ కొట్టాక రాత్రిపూట బల్బు ఒకటి వైరుకి తగిలించి గోడకి ఆనించి పక్కనుంచి వెలుగు కొట్టి చూడండి. పగలు కనపడని కత్తి గీతలు, బుడిపెలు అన్నీ నీడలు పడి లేస్తాయి. ఆ ఒక్క పనికి మేస్త్రీ మొహం మాడుతుంది కానీ మీరు పట్టించుకోకండి, రంగు వేశాక దిద్దడం కష్టం.

మెరుపు సంగతి: గోడలు ఎగుడుదిగుడుగా ఉంటే మ్యాట్. పాత అపార్ట్‌మెంట్లలో తొంభై శాతం అలాగే ఉంటాయి. షీన్ ఉన్నది వేస్తే కిటికీ వెలుగు గోడ మీద జారి ప్రతి గుంటా చూపిస్తుంది.

---

తెలుపే_మేలు:

అత్తగారితో నేను ఏకీభవిస్తున్నాను, ఇదో ఓటు. వైజాగ్ ఎండలకి తెలుపుని మించింది లేదు. ఇప్పుడు ఏ గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాట్‌కి వెళ్ళినా బేజ్ గోడ, బేజ్ కర్టెన్, బేజ్ సోఫా, హోటల్ లాబీలో కూర్చున్నట్టుంటుంది.

---

కిటికీపక్క:

హహ, అన్నీ బేజ్ చేస్తే అలాగే ఉంటుంది సర్, ఒప్పుకుంటాను. కానీ అచ్చ తెలుపు వేసి చూడండి, ఆవిడ హాల్లో మధ్యాహ్నం తర్వాత నీలంగా కనిపిస్తుంది. పైగా పక్క బిల్డింగు అంత దగ్గరగా ఉంటే తెల్ల గోడకి సొంత రంగంటూ మిగలదు, ఎదురు గోడ ఏ రంగైతే ఆ రంగే.

@మూడో_అంతస్తు, అది అడగడం మర్చిపోయాను, ఉత్తరం కిటికీ ఎదురుగా ఉన్న గోడ రంగేంటి?

---

మూడో_అంతస్తు:

అమ్మో, ఎదుటి గోడ ఇటుక ఎరుపు!! లేత టెర్రకోటా లాంటిది, పోయినేడాది కొత్తగా వేయించారు. మధ్యాహ్నం ఎండ దాని మీదే పడుతుంది. ఇప్పుడు వెళ్ళి చూస్తే నిజంగానే కిటికీ పక్క గోడ, సీలింగ్ కూడా ఎర్రగా ఉన్నాయి, ఇన్నాళ్ళూ పచ్చ రంగు మీద తెలియలేదు. గులాబీ అక్కడి నుంచే వస్తోందా?

---

కిటికీపక్క:

సగం పాపం దానిదే. అయితే లెక్క తేలిపోయింది, ఎరుపు జీర ఉన్న బేజ్ ఏదీ మీకు పనికిరాదు. పసుపు వైపు మొగ్గి, పక్కన తెలుపు పెట్టి చూస్తే తేనె జీర కనిపించేది, కొంచెం పచ్చ జీర ఉన్నా పరవాలేదు, ఎదుటి గోడ ఎరుపు దాన్ని సరిచేస్తుంది. ఒట్టి కార్డు మీద చూస్తే మీకు అది నచ్చకపోవచ్చు, పేలవంగా ఉందంటారు. మీ గోడ మీదే చూడండి.

ఇంగ్లిష్ సైట్లలో ఉత్తరం గదికి చల్లటి వెలుతురు, దక్షిణం గదికి రోజంతా ఎండ అని రాస్తుంటారు, ఆ లెక్క ఇక్కడ మక్కీకి మక్కీ పనిచేయదు. మన ఊరు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. అంత ఎత్తు నుంచి కిటికీలోకి ఎండ రాదు, ఎదుటి గోడ మీదా, కింద సిమెంటు నేల మీదా పడి ఎగిరొచ్చే వెలుతురే వస్తుంది. కాబట్టి దిక్కులు చూసే ముందు కిటికీలోంచి ఏం కనిపిస్తోందో చూడాలి. చెట్లుంటే పచ్చ, సముద్రం ఉంటే నీలం, మీకేమో ఇటుక.

ఎంత లేతది అంటే, షేడ్ కార్డుల్లో కొన్నిటికి వెనక ఎల్‌ఆర్‌వీ అని అంకె ఉంటుంది, గోడ ఎంత వెలుతురు తిరిగి ఇస్తుందో చెప్పేది, నలుపు 0, తెలుపు 100. బేజ్‌లు చాలావరకు 50కీ 75కీ మధ్య ఉంటాయి. మీ నడవాకి కిటికీ లేదనుకుంటాను, 70 దగ్గర్లో చూడండి. కార్డు మీద నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతది తీసుకోండి, నాలుగు గోడలూ ఒకదాని మీద ఒకటి వెలుతురు విసురుకుంటాయి కదా, గది నిండా వేసేసరికి రంగు చిక్కబడుతుంది.

---

ఉప్పుగాలి:

సాగర్‌నగర్ నుంచి, సముద్రానికి ఎదురుగా ఇల్లు. మీరు లైట్ల గురించి అడగలేదు కానీ "ట్యూబ్‌లైట్ వేయగానే సిమెంటు" అన్నారు చూశారా, అసలు కిటుకు అక్కడుంది. మన ఇళ్ళలో మామూలుగా ఉండే తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత అది), కూల్ డేలైట్ అని రాసుంటుంది. దాని కింద వెచ్చటి రంగులన్నీ పాలిపోతాయి. వార్మ్ వైట్ అంటే 2700 నుంచి 3000, దాని కింద మీ బేజ్ పసుప్పచ్చగా అయి మీకు నచ్చని ఆ క్రీమ్ అయిపోయే ప్రమాదం ఉంది. మధ్యలో 4000 కెల్విన్‌ది ఉంటుంది, న్యూట్రల్ వైట్ అంటారు, మా హాల్లో అదే. పెట్టె మీద సీఆర్ఐ 90 అని ఉన్నది (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) దొరికితే ఇంకా మంచిది, చీరల రంగులు కూడా రాత్రిపూట సరిగ్గా తెలుస్తాయి (ఇంట్లోవాళ్ళని ఒప్పించడానికి నాకు ఉపయోగపడిన పాయింటు ఇదే). ముందు బల్బులు మార్చి తర్వాత శాంపిల్ చూడండి. రివర్సులో చేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

బాల్కనీకి లోపలి ఎమల్షన్ మిగిలింది కదా అని వేసేయకండి, ఎక్స్‌టీరియర్‌దే కావాలి. మా వైపు గాల్లో ఉప్పు గోడ మీద పొరలా కూర్చుంటుంది, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టకుండా రంగు వేస్తే పొరలుగా లేస్తుంది. మీది బీచ్‌కి కొంచెం లోపలే అయినా గ్రిల్స్ చూసుకోండి. గ్రిల్ కాళ్ళ దగ్గర తుప్పు మొదలైతే వానలకి బేజ్ గోడ మీద పొడుగాటి గోధుమరంగు చారలు దిగుతాయి, తెలుపు మీదకన్నా తక్కువ కనిపిస్తాయి అంతే, పోవడం మాత్రం పోవు. తుప్పు గీకించి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టించాకే గోడ పని మొదలెట్టించండి.

మ్యాట్ గురించి మేస్త్రీ గారితో నాకు కొంచెం పేచీ. ఇంట్లో పిల్లలుంటే స్విచ్ బోర్డుల చుట్టూ, నడవా మలుపుల్లో చేతి మరకలు పడతాయి, మామూలు మ్యాట్‌ని తడిగుడ్డతో తుడిస్తే అక్కడ మెరుస్తూ మచ్చ పడుతుంది.

---

లప్పం_మేస్త్రీ:

కరెక్టే సర్, మామూలు మ్యాట్ అయితే అంతే. ఉతికినా పోని రకం మ్యాట్ ప్రతి కంపెనీలోనూ ఉంది ఇప్పుడు, ఖరీదు ఎక్కువ. నడవా ఒక్కదానికీ అది వేసుకుని హాలుకి మామూలుది వేసుకోవచ్చు. కానీ జాగ్రత్త మేడమ్, ఒకే షేడ్ కోడ్ అయినా రకం మారితే బేస్ మారుతుంది, రంగు వెంట్రుకవాసి తేడా వస్తుంది. హాలు గోడ, నడవా గోడ మూల దగ్గర కలిసే చోట సరిగ్గా మూలలోనే ఆపమనండి, ఒకే గోడ మీద రెండూ కలపొద్దు.

రంగు మొత్తం ఒకేసారి కలిపించుకోండి. మెషీన్‌లో కలిపినా ఈ వారం డబ్బాకీ వచ్చే వారం డబ్బాకీ తేడా రావచ్చు. రెండు డబ్బాలు వస్తే రెండిటినీ పెద్ద బకెట్‌లో కలిపేసి వాడమనండి. లెక్క ఇలా వేసుకోండి: 12 అడుగుల చదరం గది, ఎత్తు 10 అడుగులైతే నాలుగు గోడలూ కలిపి 480 చదరపు అడుగులు, తలుపులూ కిటికీలూ పోను 420 అనుకోండి. డబ్బా మీద లీటరుకి ఎన్ని చదరపు అడుగులో రాసుంటుంది, అది ఒక కోటింగుకా రెండిటికా చూడండి, అక్కడే చాలామంది మోసపోతారు. ఆ అంకె నున్నటి గోడకి, మీ పాత గోడ కొంచెం ఎక్కువే తాగుతుంది. చివర్లో ఒక లీటరు మిగిలేలా తీసుకుని మూత బిగించి, షేడ్ కోడ్, రకం పేరు, తారీఖు మూత మీద రాసి పెట్టుకోండి.

---

మూడో_అంతస్తు:

అందరికీ చాలా థ్యాంక్స్. ప్లంబర్‌కి ఫోన్ చేశాం, 4000 కెల్విన్ ట్యూబులు కూడా చెప్పాను. చార్టుల మీద తేనె జీర ఉన్నవి మూడు వేసి చూస్తాను. సీలింగ్‌కి ఏం వేయాలి? మేస్త్రీ మామూలు తెలుపే అంటున్నాడు.

---

కిటికీపక్క:

డబ్బాలోంచి నేరుగా వచ్చే బ్రిలియంట్ వైట్ కొంచెం నీలంగా ఉంటుంది, దాని పక్కన బేజ్ మాసినట్టు కనిపిస్తుంది. ఆఫ్ వైట్‌లో పసుపు జీర ఉన్నది అడగండి. లేదంటే మీ గోడ షేడ్‌నే నాలుగో వంతు మోతాదులో కలపమంటే షాపులో కలిపిస్తారు. తలుపు ఫ్రేములు టేకు పాలిష్‌లోనే ఉంచేయండి, వాటి మీద పెయింట్ వేయించారంటే మాత్రం నేను ఊరుకోను.

అత్తగారికి వాళ్ళ గది తెల్లగానే వేయించేయండి, ఆవిడ గదే కదా.

---

లప్పం_మేస్త్రీ:

సంక్రాంతిలోపు అంటున్నారు కాబట్టి ఒక మాట. పండగ ముందు రెండు వారాలు ఎవరూ దొరకరు, దొరికినవాడు రెండు ఇళ్ళ మధ్య పరుగెడుతూ కోటింగుకీ కోటింగుకీ మధ్య ఆరనివ్వడు. ఈ నవంబరులో తుపాను వానలు ఉంటే లప్పం అసలు ఆరదు, డిసెంబరు మొదట్లో గాలి పొడిబారాక మొదలెట్టండి. బాత్రూమ్ గోడ అప్పటికి ఆరకపోతే ఆ ఒక్క గోడా వదిలేసి పండగ తర్వాత వేయించుకోండి, దానికి సరిపడా రంగు మాత్రం ఇప్పుడే కలిపించి ఉంచుకోండి.